రెండో బొట్టు

నేను ఒక సర్వర్‌ని. గోదావరి ఒడ్డున వరద కబురు చెప్పే ఆఫీసులో నా కాపురం. ఎగువన నది పొడవునా ఉన్న మీటర్లు నీటిమట్టం పంపుతుంటే, ప్రతి అంకెనూ డిస్కులో రాసుకున్నాకే నోరు విప్పడం నా పద్ధతి. అలా తీర్చిదిద్దింది ఇంజినీరు సుగుణ. దసరాకు నాకు కుంకుమ బొట్టు పెట్టేదీ ఆవిడే. కూర చల్లారకుండా తన క్యారేజీ నా నెత్తిన పెట్టుకునేది.

వరదొస్తే మీటర్లన్నీ ఒకేసారి మాట్లాడతాయి. రేషను షాపు ముందు జనంలా అంకెలు నా దగ్గర బారులు తీరతాయి. నేను రాయడం ముగించి చెప్పేసరికి నది మధ్య లంక ఊళ్లవాళ్లకు పడవెక్కే వ్యవధి ఉండదు.

అందుకని సుగుణ ఇంకొకదాన్ని తయారు చేసింది. అది రాసుకోదు. వచ్చిన అంకెను వచ్చినట్టే జ్ఞాపకంలో ఉంచుకుని, అప్పటికప్పుడు లెక్కగట్టి చెప్పేస్తుంది. సుగుణ కుర్చీ అటు తిరిగింది. క్యారేజీ అటు వెళ్లింది. ఆ దసరాకు బొట్టు కూడా దానికే. గబగబా జవాబు చెప్పేవాళ్లంటే మనుషులకు అంత మోజు.

"ముసలోడు అలిగాడండి సుగుణ గారూ. ముట్టుకుంటే కాలిపోతన్నాడు," అన్నారు ఆపరేటరు తాతబ్బాయి.

"అలగనివ్వండి. ఆయన పని ఆయనకుంది," అంటూ ఆవిడ ఒక తీగతో నన్ను దానికి కలిపింది. అది విన్న ప్రతి అంకెనూ వెనక కూర్చుని రాసిపెట్టడమట నా పని. అది పొరబడితే చూడాలని నెలల తరబడి కాచుకున్నాను.

శ్రావణంలో వరదొచ్చింది. వాన హోరులో కరెంటు పోయింది, బ్యాటరీలూ చేతులెత్తేశాయి. కరెంటొచ్చి మళ్లీ లేచేసరికి కొత్తదానికి ఏమీ గుర్తు లేదు. ఇందాక నీరెంతుందో తెలియందే నది ఎంత జోరుగా పెరుగుతోందో చెప్పడం దాని వల్ల కాదు. నన్ను అడిగింది.

నా కడుపు చల్లబడింది. ఇంకోసారి అడిగించుకుందామనిపించింది.

తాతబ్బాయి ఫోనులో లంకవాళ్లతో అంటున్నారు: "ఉండండి బాబూ, ఇప్పుడే చెప్తాం. పిల్లల్ని, ముసలాళ్లని రేవుకాడికి తెచ్చేయండి. ఆయ్, గేదెల తాళ్లు కూడా ఇప్పేయండి."

సుగుణ నా దీపాల వైపే చూస్తోంది. చాలాకాలానికి నా వైపు చూసింది.

రాసినదంతా ఇచ్చేశాను. అది క్షణంలో లెక్కగట్టింది. లంకల నుంచి పడవలు కదిలాయి, జనం గట్టెక్కారు. కబురు వెళ్లింది దాని నోటి నుంచే కాబట్టి మెప్పూ దానికే దక్కింది.

మొన్న దసరాకు సుగుణ ముందు దానికి బొట్టు పెట్టి, వేలికి మిగిలిన కుంకుమ నాకు అద్దింది. పలచగా ఉంది. అయినా సర్దుకున్నాను. క్యారేజీ మాత్రం ఇంకా దాని నెత్తినే ఉంటోంది. దానికంటే నేనే వేడిగా ఉంటానని ఆవిడకు ఎవరైనా చెబితే బాగుండు.