తప్పు జవాబు

శిక్షణ పాఠాలు రాసివ్వడం ఆమె పని. ఏ కంపెనీలోనూ ఉద్యోగి కాదు. ఎవరు పిలిస్తే వాళ్లకి ఒప్పందం మీద రాస్తుంది. లిఫ్టుల మీద రాసింది, క్రేన్ల మీద రాసింది. తనకేమీ తెలియదని ముందే ఒప్పుకుని, తెలిసినవాళ్లను వెతికి పట్టుకోవడమే అందులో సగం పని.

ఈసారి కోల్డ్ స్టోరేజి. మిషన్ గదిలో చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాస్ లీకైతే వెంటనే ఏం చెయ్యాలన్నది పాఠం. కంపెనీ చూపించిన మేనేజరు ఏది అడిగినా "అంతా మాన్యువల్లో ఉందమ్మా" అనేవాడు. ఆమెకు లీకును కళ్లారా చూసినవాడు కావాలి. అడిగిన ప్రతివాడూ కాస్త నసిగి, చివరికి ఒకటే అన్నాడు: "మీ మేనమామను పెట్టుకుని మమ్మల్ని అడుగుతావేంటి?"

ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. ఒకప్పుడు అక్కడ గ్యాస్ లీకైనప్పుడు మిషన్ గది తలుపు మూసింది మామయ్యే. లోపల ఫిట్టరు పడిపోయి ఉన్నాడని తెలిసే మూశాడు. మూయకపోతే పక్క హాల్లో పెట్టెలు సర్దుతున్న ఆడవాళ్లు ఒక్కరూ మిగిలేవారు కాదు. ఫిట్టరు దక్కలేదు. విచారణలో మామయ్య తప్పేమీ లేదన్నారు. ఆ తర్వాత మామయ్య మళ్లీ పనిలోకి వెళ్లలేదు.

మామయ్య ఇంటికి వెళ్తే గుమ్మంలోనే అత్తయ్య అడ్డుపడింది.

"మనిషి ఈమధ్యే కాస్త కంటినిండా నిద్రపోతున్నాడు. లోకంలో నీకింకెవరూ దొరకలేదుటే?"

"దొరకలేదత్తా."

"రానీవే దాన్ని," లోపలినుంచి మామయ్య కేకేశాడు. "పెళ్లయిన దగ్గర్నుంచీ నా మాట విన్నది లేదు, ఇదొక్కటైనా విను."

అత్తయ్య మూతి ముడుచుకుని తప్పుకుంది.

మామయ్య తొణక్కుండా చెప్పుకుపోయాడు. గ్యాస్ ముసుగు లేకుండా లోపల అడుగు పెట్టకూడదు. మొదట తలుపు మూయాలి, ఆ తర్వాత బయటి వాల్వు కట్టెయ్యాలి. మధ్యలో ఆమె కాగితంలోకి తొంగిచూసి, "కోడి కెలికినట్టుందే నీ రాత, దీనికి కంపెనీ వాళ్లు పిలిచి మరీ పని ఇస్తున్నారా?" అని నవ్వాడు. ఆమె గుండె కుదుటపడింది.

పాఠం చివర ప్రశ్నలుంటాయి. చెప్పినవాళ్ల చేతనే వాటికి జవాబులు పెట్టించి సరిచూసుకోవడం ఆమె అలవాటు. మామయ్య పెన్సిలు పుచ్చుకుని చకచకా టిక్కులు పెడుతూ, ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"గది నిండా గ్యాస్. తోటి పనివాడు లోపల పడిపోయాడు. మీ దగ్గర ముసుగు లేదు. మొదట ఏం చేస్తారు?"

కిందున్న జవాబుల్లో "లోపలికి వెళ్లి అతన్ని బయటికి లాగుతాను" అన్న దగ్గర టిక్కు పెట్టాడు.

"మామయ్యా, అది తప్పు జవాబు."

"తెలుసే. నువ్వు సరైందని పెట్టుకున్నదే సరైంది. పనిలోకొచ్చే పిల్లలకు అదే నేర్పు."

"మరి దిద్దు."

"దిద్దను." కాగితం ఆమె వైపు తోశాడు. "సరైంది ఒకసారి చేశాను కదా. కాగితం మీదైనా నన్ను లోపలికి వెళ్లనీ."

ఆమె ఇంటికెళ్లి, సరైన జవాబుతో వేరే కాగితం రాసి పంపింది.

పాఠం బాగుందని కంపెనీనుంచి కబురొచ్చిన రోజే అత్తయ్య ఫోన్ చేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

"తెల్లార్లూ మంచం మీద కూర్చునే ఉంటున్నాడే. అడగాల్సినవి ఇంకేమైనా మిగిలుంటే వచ్చి అడుగు. నీతో అయితే ఆ నాలుగు ముక్కలైనా మాట్లాడాడు. నాతో అవీ లేవు."

అడగాల్సినవన్నీ అయిపోయాయి. అయినా, "రేపొస్తానత్తా," అంది.