పప్పు తొందరగా ఉడికే నీళ్లు

నేను ఒక బోరింగును. పడమటి వీధి చివర సిమెంటు గట్టు మీద నిలబడి ఉంటాను. నా ఇనుప ఒళ్లు ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైంది. గొంతు మాత్రం ఈ ఊళ్లోనే తయారైంది. బోరు బండి వచ్చి, రాయి దాటి చెమ్మ తగిలేదాకా నేలను తొలిచింది. మొదట బురద వచ్చింది, తర్వాత తేట నీళ్లు వచ్చాయి.

మనుషులు నీళ్లను పరీక్షించే పద్ధతి నాకు అప్పుడే తెలిసింది. నోటికి రుచిగా ఉండాలి, కందిపప్పు తొందరగా మెత్తబడాలి. రెండింటిలోనూ నెగ్గాను. అవతలి వీధి వాళ్లు కూడా పప్పు కోసమని నా దగ్గరికే బిందెలతో వచ్చేవాళ్లు. అందరికంటే ముందు మాలకొండమ్మ వచ్చేది. ఆమె నడుము ఏటికేడు వంగుతూ పోయింది. పొలం పనే వంచిందని ఆమె అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఒకనాడు ఆసుపత్రి నర్సమ్మ వచ్చి పరీక్షకని సీసాలో నా నీళ్లు పట్టుకుపోయింది. కొన్నాళ్లకు ఒక మనిషి వచ్చి నాకు ఎర్ర రంగు వేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఊరు మురిసిపోయింది.

"గవర్నమెంటోళ్లకి మన బోరింగంటే ఎంత మోజో చూడండి" అంటూ మాలకొండమ్మ నా మెడకు పసుపు రాసింది.

ఆమె కోడలు సుభాషిణి ఒక్కతే వెళ్లి నర్సమ్మను అడిగింది. ఎరుపంటే తాగకూడదని అర్థమట. నేను పైకి తెచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువట. అది కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. కాచినా పోదు, నీళ్లు మరిగి ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పెద్దవాళ్ల ఎముకలు బిగిసిపోతాయి. పిల్లలకు పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లు మచ్చలతో వస్తాయి. సుభాషిణి పెద్దకూతురు రేవతికి అలాంటి పళ్లు వచ్చేశాయి. చిన్నది బుజ్జమ్మకు ఇంకా పాలపళ్లే. దాని చిగుళ్ల లోపల తయారవుతున్న పళ్లనైనా కాపాడుకోవాలని సుభాషిణి పట్టుబట్టింది.

ఊరి మొదట్లో కొళాయి ఉంది. అందులో కాలవ నీళ్లు శుద్ధి చేసి వదులుతారు.

"ఆ బ్లీచింగు కంపు నీళ్లు నా పొయ్యెక్కవు. వాటిల్లో పప్పు ఉడికి చస్తదా?" అంది మాలకొండమ్మ.

"నీ పొయ్యి మీద వద్దులే అత్తా. నేను ఇంకోటి పెట్టుకుంటా."

అలా ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. నా గట్టు మీద బట్టలు ఉతికే వాళ్లకు అదే నవ్వులాట.

"ఏమే సుభాషిణీ, అత్తా నువ్వూ వేరుపడ్డారంటనే?"

"కాపురం ఒకటే పిన్నీ, కుండలే వేరు" అని, ఆగకుండా కొళాయి వైపు నడిచేది.

అయితే ఆమె పప్పు పలుకుగా ఉండేది. నాయనమ్మ పప్పు వెన్నలా ఉండేది. తల్లి పొలానికి పోగానే బుజ్జమ్మ నాయనమ్మ కంచంలో చెయ్యి పెట్టేది. తల్లి అంత దూరం నుంచి మోసిన బిందెలన్నీ ఆ కంచం దగ్గర ఓడిపోయేవి.

బడిలో ఫొటో తీస్తుంటే రేవతి పెదవులు విప్పలేదని ఒకరోజు మాలకొండమ్మకు తెలిసింది. పిల్లకు తోముకోవడం చేతకావడం లేదని తీర్మానించి, నా దగ్గరికి లాక్కొచ్చింది. కచ్చిక పొడితో తోమింది. నా నీళ్లతో పుక్కిలించమంది. మళ్లీ తోమింది. చిగుళ్లు చిట్లి నెత్తురొచ్చింది. మచ్చలు అలాగే ఉన్నాయి.

"అది మురికి కాదు నాయనమ్మా" అంది రేవతి నోరు తుడుచుకుంటూ. "లోపల్నించే అట్టా వచ్చినయ్యి."

అంతలో బుజ్జమ్మ పరుగెత్తుకొచ్చి నా మూతి కింద దోసిలి పట్టింది.

"నాయనమ్మా, కొట్టవా. దప్పికయితాంది."

మాలకొండమ్మ చెయ్యి అలవాటుగా నా పిడి మీదికి వచ్చింది. నేను నేల ఇచ్చింది పైకి తేవడం తప్ప ఎరగను. వద్దనడానికి నాకు నోరు లేదు, నీళ్లు పడే మూతి తప్ప. అయినా ఆ పిడి కదలకూడదని కోరుకున్నాను. బోరింగుకు రాకూడని కోరిక అది.

ఆమె పెద్దదాని నోటి వైపు చూసింది. చిన్నదాని నోటి వైపు చూసింది. చెయ్యి తీసేసింది.

"ఇంటికి పద. మీ అమ్మ బిందెలోవి తాగుదువు."

ఆనాటి నుంచి ఆమె పొయ్యి వెలగలేదని గట్టు మీద ఆడవాళ్లు చెప్పుకున్నారు. పప్పు ముందుగా నానబెడితే కొళాయి నీళ్లకూ మెత్తబడుతుందట. అయినా పలుకుందని సణుగుతూనే తింటోందట.

ఇప్పుడు నా నీళ్లతో బట్టలు ఉతుకుతారు, కాళ్లు కడుక్కుంటారు. ఎండ వేళ మాలకొండమ్మ వచ్చి గట్టు మీద కూచుంటుంది. మొన్న పరవూరి కుండలాయన సైకిలు దిగి, నా మూతి కింద దోసిలి పట్టబోయాడు.

"తాగబాక నాయనా. కాళ్లు కడుక్కో. తాగేవి కొళాయి కాడ ఉండయ్యి."

"ఏం పెద్దమ్మా, ఈ నీళ్లు బాగుండవా?"

"బాగుంటయ్యి. అందుకే ఇక్కడ కూచున్నా."