చెంచా వీపు మీద ఎర్ర వైన్

నిమ్మచెక్కను గట్టిగా పిండి, తొక్కను తొట్టిలో పడేసి అతను ఇంకొకటి అందుకున్నాడు. బార్ తెరవడానికి ఇంకా వ్యవధి ఉంది. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. తడిగుడ్డ పెట్టిన నేల ఇంకా ఆరలేదు. ఏళ్ల తరబడి పిండీ పిండీ అతని వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయాయి. ఏ సబ్బుకీ లొంగని ఆ వాసనవల్లే వీధిలో అందరూ అతన్ని నిమ్మకాయ అంటారు. "పాత వాసన కంటే ఇదే నయం" అని నవ్వుతుంది భార్య. ఆ పాత వాసన భరించలేకే ఒకప్పుడు ఆమె చంటిదాన్ని ఎత్తుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

తాగుడు మానేసి, వణికే చేతులతో పని అడగడానికి వస్తే, ఈ బార్ యజమానురాలు అతన్ని గ్లాసులు కడగడానికి పెట్టుకుంది. కొన్నాళ్లకు తీసుకొచ్చి సీసాల ముందే నిలబెట్టింది. "దొంగచేతికి తాళాలిచ్చావక్కా" అని ఆమె తమ్ముడు దెప్పినా విననట్టే ఊరుకుంది. అతను కలిపినదేదీ నోట పెట్టుకోలేదు. రుచి ఆమె చూసేది. చెంచాడు నాలుక మీద వేసుకుని బాగుంటే "ఊ" అనేది, లేకపోతే ముఖం చిట్లించేది. ఆ ముఖం చూసే అతను పని నేర్చుకున్నాడు. భార్యాబిడ్డలు తిరిగి వచ్చారు. ఈ మేలుకు ఒక్క మాట చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. ప్రతిసారీ ఏదో గ్లాసు తుడుస్తూ ఉండిపోయేవాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. జబ్బుపడి మేడమీది గది దాటని యజమానురాలు, గోడ పట్టుకుని దిగి వస్తోంది.

"ఎందుకు దిగారమ్మగారూ? పిలిస్తే నేనే వచ్చేవాణ్ణిగా."

"నువ్వొస్తే నీ వెనకాల బార్ కూడా పైకొస్తుందిట్రా?" కిటికీ పక్కన కూలబడింది. "ఆ ఎర్రపొరది ఒకటి చెయ్యి. చెంచాడు కాదు, గ్లాసు నిండా."

"డాక్టరుగారు…"

"ఆయనకి వద్దులే. నాకు చెయ్యి."

విస్కీ, నిమ్మరసం, పంచదార పాకం డబ్బాలో పోశాడు. గుడ్డు పగలగొట్టి తెల్లసొన మాత్రం జారవిడిచాడు. ముందు ఉత్తినే, తర్వాత ఐసు వేసి, డబ్బా చల్లదనం వేళ్లను కొరికేదాకా గిలక్కొట్టాడు. గ్లాసులోకి వడకట్టాడు. అసలు పని అప్పుడు మొదలయింది. చెంచా వీపును నురగకు ఆనించి, దాని మీదుగా ఎర్ర వైన్‌ను సన్నటి దారంలా వదిలాడు. తొందరపడితే అంతా కలిసి బురదరంగవుతుంది. వైన్ నురగలోంచి జారి దాని కిందే నిలిచింది. అడుగున తేనెరంగు, ఆపైన ఎరుపు, మీద తెలుపు.

ఆమె ఒక గుక్క తాగింది. "ఊ" అనలేదు, ముఖమూ చిట్లించలేదు.

"మందులు మింగీ మింగీ నోరు చచ్చిపోయిందిరా. అన్నమూ మట్టీ ఒకటే. ఇది మాత్రం తెలుస్తోంది. ముందు వగరు… ఆ వెనకాలే పులుపు."

"అమ్మగారూ, ఆ రోజు మీరు నన్ను నమ్మకపోతే…"

"నమ్మానని ఎవరు చెప్పారు?" ఆమె మెల్లగా నవ్వింది. "రోజూ పొద్దున్న మంచం మీద పడుకుని నువ్వు తాళం తీసే చప్పుడు కోసం వినేదాన్ని. ఇవాళ రాడేమో, మళ్లీ ఎక్కడైనా పడిపోయాడేమో అని. చప్పుడు వినబడ్డాక అమ్మయ్య అనుకుని లేచేదాన్ని. పిల్లాజెల్లా లేనిదాన్ని. ఎదురుచూడ్డానికి ఒకడున్నాడు కదా అని నేనూ లేచానురా ఇన్నాళ్లూ."

అతను చేతులు జోడించబోయాడు.

"తడిచేతుల్తో దండాలేంటి? వెళ్లి తలుపులు తియ్యి."

తీశాడు. ఎండ లోపలికొచ్చింది. వెనకే రోజూ వచ్చే దర్జీ, అచ్చుయంత్రం మేస్త్రీ వచ్చారు. వాళ్లకి కావలసినవి ఇచ్చి, గ్లాసు తీయడానికి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అది ఖాళీ అయింది. ఆమె కిటికీ చట్రానికి తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. ఆమె చెయ్యి తాకితే, గ్లాసు పట్టుకున్న చల్లదనమే అనుకున్నాడు ముందు.

డాక్టరు వచ్చి నాడి చూసి, ప్రాణం పోయిందని చెప్పి వెళ్లాడు. పరుగున వచ్చిన అమ్మగారి తమ్ముడు, దర్జీ, మేస్త్రీ, అతను కలిసి ఆమెను మెల్లగా మేడమీదికి మోసుకెళ్లారు. తమ్ముడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. కబురందుకుని వచ్చిన భార్యతో, "ఆ ఒక్క మాట చెప్పానే, సగమైనా" అన్నాడు అతను. ఆమె అతని వేళ్లు తన దోసిట్లోకి తీసుకుంది.

కిటికీ పక్క బల్ల కింద అమ్మగారి ఇంటిచెప్పులు ఉండిపోయాయి. ఒకటి తిన్నగా, ఒకటి పక్కకు ఒరిగి, బొటనవేళ్లు ఆనినచోట తోలు అరిగి నున్నగా మెరుస్తూ.