కట్టెల వంతు

మన సీమలో గ్రీష్మము ముదిరి మధ్యాహ్నవేళ వీథులు నిర్జనములై యుండు మాసమునందే భూగోళమున కావలియంచున నున్న న్యూజిలాండు దక్షిణద్వీపమున శరత్తు తన బంగారుచీర మడిచిపెట్టి హేమంతమునకుఁ జోటిచ్చుచుండెను. తుషారధవళశిఖరములైన పర్వతములు మేఘోత్తరీయములను భుజములమీఁదికి లాగికొని నిలిచియుండ వాని పాదములచెంత నీలస్ఫటికనిర్మలజలయైన నది యొకటి గులకరాళ్ళ పఱపుమీఁదఁ బాయలుపాయలుగాఁ జీలి మరలఁ గలిసికొనుచుఁ దొందరలేక సముద్రమునకుఁ బోవుచుండెను. తీరమునందలి పసుపువన్నె చెట్లు గాలి వీచినప్పుడెల్ల గుప్పెడేసి యాకులను నీటిపైఁ జల్లుచుండెను. చూచువారు లేకున్నను ఆ వైభవమునకుఁ గొఱఁత లేకుండెను.

చూచువారు లేరనుట పూర్తిగా నిజము గాదు. ఆ నదీతీరమున నొక పాత వ్యాను నిలిచియుండెను. పూర్వకవులు వర్ణించిన దివ్యరథములకును దానికిని దూరపుఁ జుట్టఱికమైనను లేదు. ప్రక్కతలుపు తెఱచుటకు భుజమానించి నెట్టవలెను. వాన వచ్చినచో వెనుక కిటికీసందున గుడ్డ క్రుక్కవలెను. లోపల నొక సన్నని మంచము, దానిక్రింద బియ్యపుడబ్బా, కందిపొడి సీసా, చిన్న గ్యాసుపొయ్యి. ఆ గృహమునకు యజమానురాలును ఆ రథమునకు సారథియు ఆ యాత్రకు సర్వపరివారమును ఒక్కతెయే. ఆమె పేరు పైడితల్లి.

పైడితల్లి విశాఖపట్టణమునందలి గాజువాక పిల్ల. ఓడలఁ గట్టు కర్మాగారమున ఇనుపరేకులను నిప్పుతో నతుకు వెల్డింగుపనిలోఁ జేయి తిరిగినది. ఆఁడుదానికి ఇనుముతోఁ బనియేమని మొదట నవ్వినవారే తరువాత దుర్ఘటమైన యతుకు వచ్చినప్పుడెల్ల పైడితల్లిని బిలువుఁడని కేకవేయుచుండిరి. ఆ కేక విన్నప్పుడు ఆమె మొగమునఁ దోఁచు తృప్తి నగలు పెట్టుకొన్నవారి మొగమునఁ దోఁచదు. ఆ విద్యకు మెఱుఁగు పెట్టుకొనుటకై యీ దేశమునకు వచ్చి చదువు ముగించి పరీక్షలో నెగ్గి పనిచేయుటకు అనుమతి కావలెనని దొరతనమువారికి విన్నవించుకొనెను. వర్కు పర్మిట్టు వచ్చువఱకు ఈ దేశమున నుండవచ్చునే కాని యెట్టి పనియుఁ జేయరాదని వారు జవాబు పంపిరి. అంతట నామె అద్దెగది విడిచి ఆ వ్యానును గొని ఒంటరిగా బయలుదేఱి నదులవెంట వాహనమును కొండలమీఁదఁ గాళ్ళను నడిపించుచుండెను. కూర్చుండి యెదురుచూచినచో మనసు క్రుళ్ళును, నడచుచు నెదురుచూచినచోఁ బాదములు మాత్రమే పగులును అని యామె సిద్ధాంతము.

అయినను ఊహ తెలిసినది మొదలు పనిచేసి తిన్న చేతులు తొలిసారి యొడిలో ఊరక పడియుండుట యామెకు నామోషీగా నుండెను. పైఁగా ఆ నిషేధమునుగూర్చి యామెకుఁ గల భయము నవ్వు పుట్టించునంతటిది. ఒకనాఁడు వ్యానులు నిలుపు మైదానమునఁ బొరుగువాని గుడారపు మేకు దిగకుండఁ జూచి సుత్తి యందుకొనఁబోయి ఇదియుఁ బనియే యగునేమో యని చేయి వెనుకకుఁ దీసికొనెను. పర్మిట్టు రాకపోయినచో వట్టిచేతులతో గాజువాకకు మరలవలెను. నవ్వినవారు మరల నవ్వుదురు. ఆమె కన్నిటికంటె నదియే భయము.

వ్యానును నదియొడ్డున విడిచి సంచి వీఁపునఁ దగిలించికొని పైడితల్లి యా దినమున నెక్కిన కొండ కఠినమైనది. నాచుపట్టిన వృక్షములనడుమ వేళ్ళను మెట్లుగాఁ జేసికొని పైకెక్కి చెట్లు ముగిసినచోట గడ్డినేలమీఁదికి వచ్చునప్పటికిఁ జీఁకటి పడవచ్చెను. అచట యాత్రికులకై కట్టిన రేకుల గుడిసె యొకటి కలదు. అందు ఇనుపపొయ్యి, నాలుగు బల్లమంచములు, వెలుపలఁ గట్టెలకొట్టు. డంకను అను వృద్ధయాత్రికుఁ డంతకుముందే పొయ్యి రగిల్చి తేనీరు కాచుకొనుచుండెను. ఆమెకును నొక గిన్నెఁడు పోసెను. ఇద్దఱును తమ దేశముల కొండలనుగూర్చి కొంతసేపు మాటాడి సుఖముగా నిద్రించిరి.

ఆ కొండలయందొక యాచారము కలదు. గుడిసెలో నిప్పు కాచుకొన్నవారు వెడలిపోవునప్పుడు తాము కాల్చినన్ని కట్టెలను దుంగలనుండి చీల్చి పొయ్యిప్రక్కఁ బేర్చి పోవలెను. తరువాత వచ్చువారు తడిసి వణఁకుచు వత్తురేమో. వారికిఁ బొయ్యి వెంటనే రగులవలెను. వచ్చువా రెవరో పోవువారికిఁ దెలియదు. చూచి మెచ్చువారును లేరు. తెల్లవాఱఁగానే డంకను తన పాలు కట్టెలు చీల్చి గొడ్డలిని పైడితల్లి చేతి కందియ్యఁబోయెను.

"మన్నింపుఁడు. ఈ దేశమునఁ బనిచేయుటకు నాకింకను అనుమతి రాలేదు" అని యామె చేతులు వెనుకకుఁ గట్టికొనెను.

వృద్ధుఁ డామెను ఎగాదిగఁ జూచెను. సోమరితనమునకు ఇంత వింతయైన సాకు ఆయన పుట్టి బుద్ధెఱిఁగి వినలేదు. "నీ యిష్టము" అని గొడ్డలిని గోడ కానించి తనదారిని దాను బోయెను. ఆ చూపు పైడితల్లికి ముల్లువలె గ్రుచ్చుకొనెను.

అంతలో వాన పట్టెను. దారి బురదయగుటచే నామె యా పగలును రాత్రియు గుడిసెయందే నిలిచి డంకను చీల్చిన కట్టెలనే యొక్కొక్కటిగాఁ బొయ్యిలో వేసికొనుచుఁ గాలము గడపెను. మఱునాఁటి యుదయమున వాన వెలిసెను. సంచి సర్దుకొనుచుఁ జూడఁగాఁ బొయ్యిప్రక్క నొక పుడకయైన మిగిలియుండలేదు. గొడ్డలి గోడకానియే యున్నది. పైడితల్లి దానివంక రెండుమాఱులు చూచి, పర్మిట్టును దలఁచుకొని, తలుపు దగ్గఱగా వేసి దిగిపోయెను.

నడిదారిలోఁ గొండభుజముపై సెల్లుఫోనునకుఁ బ్రాణము వచ్చు చోటొకటి కలదు. మధ్యాహ్నమున నామె యచటికిఁ జేరునప్పటికి ఫోను మ్రోగెను. గాజువాకలో నప్పుడే తెల్లవాఱుచున్నది. అక్క నూకరత్నము కాఫీ పెట్టుకొని కూర్చుండి మాటాడుచుండెను.

"ఏటే పైడీ, ఇంకా ఆ కొండలే పట్టుకు తిరుగుతున్నావేటి? అక్కడ హోటలాయన మనోడే కదా, వంటగదిలో సాయానికి రమ్మన్నాడట. లోపల గిన్నెలు తోముకుంటే ఎవడికి తెలుస్తాది? కాయితం వచ్చేదాకా చేతులు ముడుసుకుని కూకుంటావా?"

"ఎవడికీ తెలీకుండా చేసే పని నాకొద్దక్కా. నేనతికిన ఓడ అందరి కళ్ళముందే సముద్రంలోకి ఎల్లింది. నేను చేశానని చెప్పుకోలేని పని నేను చెయ్యను."

"సరేలే, నీ పొగరు నీది. ఏటైనా తిన్నావా మరి?"

తిన్నానని చెప్పి ఫోను జేబులోఁ బెట్టుకొని పైడితల్లి తలయెత్తి నిలిచెను. తానన్న మాట తనకే మిక్కిలి నచ్చెను. ఆ గర్వము మొగమున నుండఁగానే క్రిందినుండి ముసలి దంపతు లిద్దఱు మెల్లమెల్లఁగా నెక్కివచ్చుట కనఁబడెను. ముందున్న యావిడ ఐలీను. వెనుక నామె భర్త మెర్విను. త్రోవలో జారిపడుటచే నాతని కుడి మణికట్టు వాచి యుండెను. వాగు దాఁటి వచ్చుటచే ఇరువురి బట్టలును మోఁకాళ్ళవఱకు నీరోడుచుండెను. దక్షిణదిక్కునఁ గాఱుమబ్బు క్రమ్ముచుండ గాలిలో మంచువాసన వచ్చుచుండెను.

"అమ్మా, గుడిసెలోఁ బొయ్యిప్రక్కఁ గట్టెలున్నవా?" అని ఐలీను అడిగెను.

ఉన్నవని చెప్పి సాగిపోవుట సులభము. పైడితల్లి యట్లు చేయలేదు. "లేవు. ఉన్నవానిని నేనే కాల్చితిని. మరలఁ జీల్చలేదు" అని తన పర్మిట్టు కథ యంతయుఁ జెప్పెను. చెప్పుచుండఁగానే యా కథ తన చెవులకే చప్పఁగా వినఁబడెను.

ఐలీను నిందింపలేదు. "పరవాలేదు, మేము చీల్చుకొందుము" అని వణఁకుచున్న తన చేతులను జూచుకొని, భర్తచేతిని జూచి, మరల నెక్కసాగెను. నిందించియున్నచోఁ బైడితల్లి దిగిపోయియుండునేమో. ఆ పరవాలేదను మాటకు మాత్ర మామె తాళలేకపోయెను. సిగ్గు నిజముగా నామెను దహించెను. ఇప్పుడే కదా తన పనిని గూర్చి పెద్దమాట లాడినది. చేయని పనిని మాత్రము ఎవరికంటఁ బడకుండ తలుపు వెనుక దాఁచి వచ్చినది. పర్మిట్టు పోయినఁ బోవుఁగాక యని యామె వెనుదిరిగి వృద్ధదంపతులను దాఁటి వచ్చినదారినే పైకిఁ బరువెత్తెను.

గొడ్డలి యామెకుఁ గ్రొత్త. ఇనుము మాట వినునట్లు కొయ్య వినలేదు. మొదటి దెబ్బకు గొడ్డలి దుంగలో నిఱికికొని రాకుండెను. రెండవ దెబ్బకు దుంగయే యెగిరి ప్రక్కనఁ బడెను. చేతులు బొబ్బలెక్కెను. కొంతసేపటికి నెఱియలను జూచి కొట్టుట తెలిసెను. తెలిసిన పిమ్మట దుంగలు పెళపెళమని విచ్చిపోయెను. ఎన్నాళ్ళకో చేతులకుఁ బని దొరకుటచే నామె యొడలెల్ల పులకించెను. చీల్చినవానిలోఁ గొన్నిటితోఁ బొయ్యి రగిల్చి తక్కినవానిని కొసలు కలియునట్లు వరుసలు తీర్చి గోడప్రక్కఁ బేర్చెను. తాను కాల్చినది కొంచెము, పేర్చినది నడుమెత్తు. దంపతులు తలుపు తీయునప్పటికి గుడిసె వెచ్చఁగా నుండెను. మెర్విను పొయ్యి ముందు కూలఁబడి యెడమచేతిని నిప్పుకు చాఁచెను.

వెలుపల మంచు పడసాగెను. ఆ సమయమున నావలిలోయనుండి గుడిసెలఁ దనిఖీచేయు కాపరి యొకతె వచ్చెను. ఆమె పేరు హినే. ఆ ద్వీపముల ప్రాచీనజాతియైన మావోరి స్త్రీ. నెఱసిన జుట్టు, దిట్టమైన భుజములు, ఒంటిమీఁద దొరతనమువారి యాకుపచ్చని యూనిఫారము, ఎదపై బిళ్ళ. ఆ బిళ్ళను జూడఁగానే పైడితల్లి చేతులు వెనుకకుఁ గట్టికొనెను. హినే టోపీమీఁది మంచు దులుపుకొని గోడప్రక్కఁ బేర్చిన కట్టెలను జూచి ఆశ్చర్యపడి, "ఇన్ని కట్టెలు చీల్చిన దెవరు?" అని యడిగెను.

ఐలీనునకుఁ బైడితల్లి కథ యంతయుఁ దెలియును. ఆ దయామయి వెంటనే ముందునకు వచ్చి, "మేమే. మా యాయనయు నేనును" అనెను. వాచిన మణికట్టును మెర్విను చప్పున అంగీలో దాఁచుకొనెను.

ఇఁక నూరకుండినచోఁ జాలును. పర్మిట్టు భద్రము, గాజువాకలో మానము భద్రము. అబద్ధ మాడినదియుఁ దాను గాదు. కాని తన చేతులు చేసిన పని మఱియొకరి పేరఁ జెల్లిపోవుటను జూచి యూరకుండుట యా చేతులకుఁ జేయు ద్రోహముగాఁ బైడితల్లికిఁ దోఁచెను. ఆమె లేచి కాపరి యెదుట నిలిచెను.

"వారు కారు. నేను. నా పేరు పైడితల్లి. నాకుఁ బనిచేయుటకు అనుమతి లేదు. అయినను జీల్చితిని. ఎవరికిఁ జెప్పవలెనో చెప్పుఁడు."

హినే యామె మొగమును జూచెను, బొబ్బలెక్కిన యఱచేతులను జూచెను, కట్టెలవరుసను మరలఁ జూచెను.

"దీనిని ఈ కొండమీఁద నెవరును కొలువనరు. కూలి యిచ్చువాఁడు లేఁడు, పుచ్చుకొనువాఁడు లేఁడు. దీనిని వంతందురు. వంతునకు అనుమతి యడిగినవారిని నేనింతవఱకుఁ జూడలేదు" అని పలికి ఒక కట్టెను చేతిలోనికిఁ దీసికొని త్రిప్పి చూచి, "కాని యివి లావుగా నున్నవి. తడిసి వచ్చినవారికి వీనితో నిప్పు త్వరగా నంటుకొనదు. కొన్నిటినైన సన్నముగాఁ జీల్చవలెను" అనెను.

క్షమించినవారు అనేకు లుండవచ్చును. పైడితల్లి చేతిపనిని నిజమైన పనిగాఁ జూచి తప్పు పట్టినవారు ఆ దేశమున నప్పటివఱకు లేరు. ఆమె కన్నులు చెమర్చెను. దాని నామె దాఁచుకొనలేదు. తలయూఁచి గొడ్డలి భుజమునఁ బెట్టుకొని తలుపు తీసికొని వెలుపలికిఁ బోయెను.

"ఈ మంచులో నిప్పు డెందులకు? రేపు చేయవచ్చును గదా. ఆమెను బిలువుఁడు" అని ఐలీను లేవఁబోయెను.

"వలదు, పోనిండు" అని హినే యామెను గూర్చుండఁబెట్టెను.

పర్మిట్టు వచ్చునో రాదో ఆ దినమున నెవరికిఁ దెలియదు. కిటికీలోనుండి చూచిన యా మువ్వురకును శ్వేతవర్ణమైన కొండయెదుట నొక స్త్రీ తలయెత్తి నిలిచి గొడ్డలిని పైకెత్తుటయు దించుటయుఁ గనఁబడెను. దెబ్బ పడినప్పుడెల్ల నావలిలోయ మాఱుపలుకుచుండెను.