అరువు గొంతు

పిచ్చుక చేసిన తప్పు ఒక్క ఫుట్‌నోట్. థీసిస్ రాసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

పుట్టినప్పటినుంచీ నోరు మూతపడదని ఇంట్లో ఆమెకా పేరు పెట్టారు. గైడు గారి ముందు మాత్రం ఆ నోట్లో నాలుక ఉండదు. పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బోర్డు మీద తీగలు గుచ్చి ఊరి వాళ్ళందరినీ కలిపిన ఆడపిల్లల గురించి ఆమె పరిశోధన. ఏళ్ళు గడిచాయి. ఫెలోషిప్పు గడువు నెత్తి మీదికొచ్చింది. గైడు గారేమో చాప్టర్లన్నీ తిరగేసి, “అన్నీ ఎంగిలి మాటలేనమ్మా. ఎవరో విన్నది ఎవరో రాస్తే నువ్వు ఎత్తి రాశావు. నువ్వు నీ చెవులతో విన్నది ఒక్కటైనా ఉందా?” అని పెదవి విరిచారు.

నిజానికి లేదు. లైబ్రరీ వెనకగదిలో, ఎన్నడూ అచ్చుకెక్కని ఒక పాత థీసిస్‌లో ఒక ఆపరేటరు చెప్పిన మాటలు దొరికాయి. ఎక్స్ఛేంజి అంటుకున్న రోజు గురించి ఆవిడ ఇలా చెప్పింది: “పొగ కమ్ముకొస్తోంది. దిగి రమ్మని చెయ్యి పట్టుకు లాగారు. తీగకవతల మనిషి మాట్లాడుతుంటే మధ్యలో ఎలా లేస్తానే అన్నాను.” చదవగానే పిచ్చుకకు ఒళ్ళు జలదరించింది. ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళితే, పోయి చాలాకాలమైందని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఆ మాటలు వాడుకోవడంలో తప్పేమీ లేదు. ఫలానా థీసిస్‌లో ఉదహరించినవి అని ఒక్క ముక్క చేరిస్తే సరిపోయేది. ఆ ముక్క రాస్తే గైడు గారు మళ్ళీ ఎంగిలి అంటారు. అందుకని ‘పరిశోధకురాలు స్వయంగా జరిపిన ముఖాముఖి’ అని రాసి, పనిలోపనిగా ఒక తేదీ కూడా తగిలించింది. పోయినావిడ లేచొచ్చి కాదంటుందా ఏమిటి?

ఈసారి గైడు గారి మొహం చాటంతయింది. “ఇదమ్మా ఆధారమంటే! ఈ ముఖాముఖి లేకపోతే నీ థీసిస్ వట్టి డొల్ల. రికార్డింగు తెచ్చి ఆఫీసులో ఇచ్చెయ్యి. అది లేకుండా ఇప్పుడు థీసిస్ తీసుకోవడం లేదు” అన్నారు. లేని రికార్డింగు ఎక్కడినుంచి తేవాలి?

ఇలాంటప్పుడు అక్క కాక దిక్కెవరు? పిచ్చుక ఉండేది కూడా అక్కా బావల ఇంట్లోనే. అక్క అనుకరణలో దిట్ట. ఎదురింటి ముసలాయన దగ్గునుంచి అత్తగారి సాగదీతదాకా ఎవరినైనా దించేస్తుంది. విషయం విని ముందు చెడామడా తిట్టింది. ఆ తర్వాత, “సర్లే ఏడవకు. ఆ కాగితం ఇలా తే” అంది.

మధ్యాహ్నం బావ పనిలో ఉన్నాడు. ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. వీధి గోల వినపడకుండా పడగ్గది కిటికీలు మూశారు. పిచ్చుక ఫోను దిండుకు ఆనించి, ప్రశ్నలు అడిగింది. అక్క గొంతు కాస్త వణికిస్తూ, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చదివింది. నవ్వు ఆపుకోలేక పిచ్చుక చున్నీ నోట్లో కుక్కుకుంది. “మధ్యలో ఎలా లేస్తానే అన్నాను” అన్న వాక్యంతో కాగితం అయిపోయింది.

అక్క ఆగలేదు.

“అనలేదమ్మా” అంది. ఈసారి గొంతు వణకలేదు. పొడిగా, బొంగురుగా, ఎవరో చాలా దూరంనుంచి పలుకుతున్నట్టుంది. “ఆ మాట నేననలేదు. నా పక్క సీటు పిల్ల అంది. చెయ్యి పట్టుకు లాగినదాన్ని నేను. అది రాలేదు. నేను వదిలేసి మెట్లు దిగొచ్చేశాను. ఎన్నో ఏళ్ళకు ఒకబ్బాయి వచ్చి అడిగితే, అది అన్న మాట నేనన్నానని చెప్పుకున్నాను. ఆ అబ్బాయి రాసుకున్నాడు. నువ్వూ రాసుకున్నావు. దాని మాట దానికిచ్చెయ్యండమ్మా.”

కాగితం అక్క చేతిలో తలకిందులుగా ఉంది. పిచ్చుక నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే తెలియదు.

“అక్కా, చాల్లే. భయమేస్తోంది.”

“ఏంటే? చదవడం అయిపోయిందిగా?” అంది అక్క. అని, ఉలిక్కిపడి గొంతు పట్టుకుంది. మాట అక్కదే, గొంతు ఆవిడది.

ఉప్పునీళ్ళు పుక్కిలించింది, వేణ్ణీళ్ళు తాగింది. లాభం లేకపోయింది. పాప నిద్రలేచి చేతులు చాచింది. అక్క పరుగున వెళ్ళి, “నా బంగారు తల్లీ, లేచావా?” అని ఎత్తుకుంది. పాప కాసేపు ఆ మొహంలోకి చూసి, పెదవి విరిచి, గుక్కపట్టి ఏడ్చింది. పిచ్చుక భుజానికి మారితేగానీ ఏడుపు ఆగలేదు. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, అంతా శుభ్రంగా ఉందన్నాడు. ఆ రోజునుంచి అక్క పాప ముందు నోరు తెరవడం మానేసింది. మూగగా పాలుపట్టేది, మూగగా జోకొట్టేది. వాగుడుకాయలాంటి మనిషి అలా అయిపోతే, ఆ ఇంట్లో గిన్నె చప్పుడుకు కూడా పిచ్చుక ఉలిక్కిపడేది.

లైబ్రరీకి పరిగెత్తింది. పాత పేపర్లు తిరగేసింది. ఎక్స్ఛేంజి తగలబడిన మర్నాటి పేపర్లో, లోపలి పేజీలో చిన్న వార్త ఉంది. ఒక ఆపరేటరు సీట్లోనే చనిపోయింది. హెడ్‌ఫోన్లు తలకే ఉన్నాయట. అప్పటికి ఆసుపత్రికీ అగ్నిమాపక కేంద్రానికీ కాల్స్ కలిసే ఉన్నాయట. ఆ అమ్మాయి పేరు పాత థీసిస్‌లో ఎక్కడా లేదు. పిచ్చుకకు ఏడుపొచ్చింది. అంత మాట అని చచ్చిపోయిన మనిషికి ఆ మాట కూడా దక్కలేదు.

వెంటనే చాప్టరు దిద్దింది. ఆ మాట అన్న అమ్మాయి పేరు పేపర్లో ఉన్నట్టే రాసింది. పేపరు తేదీ, పేజీ వివరంగా ఇచ్చింది. ముఖాముఖి ఫుట్‌నోట్ మాత్రం అలాగే ఉంచింది. న్యాయం జరిగిపోయింది కదా, డిగ్రీ కూడా దక్కితే ఎవరికి నష్టం? దిద్దిన పేజీ తీసుకుని ఇంటికొచ్చి ఆశగా, “అక్కా, ఏదీ, ఒకసారి మాట్లాడు” అంది.

“ఏం మాట్లాడనే” అంది ఆ బొంగురు గొంతు.

పిచ్చుక కుర్చీలో కూలబడింది. ఆవిడ అబద్ధం ఆవిడ దిద్దుకుంది. తన అబద్ధం పేజీ అడుగున అలాగే ఉంది.

మర్నాడు, చివర తను ‘అక్కా’ అన్న చోటునుంచి కత్తిరించేసి, గైడు గారి గదిలో రికార్డింగు వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని ఆసాంతం విన్నారు. “దాని మాట దానికిచ్చెయ్యండమ్మా” అన్నచోట కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“బంగారం తవ్వుకొచ్చావమ్మా! ఈ వయసులో తప్పొప్పుకున్న మనిషి! ఇది ఇలాగే జతచెయ్యి. నీకు డిగ్రీ వచ్చేసినట్టే. ఇంతకీ ఆవిడ ఎలా ఉన్నారు?”

బాగున్నారు సార్ అంటే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అక్క చేతుల్లో గిలగిల్లాడే పాప గుర్తొచ్చింది.

“ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది సార్. నేను కలవలేదు. పాత థీసిస్‌లోంచి ఎత్తి రాశాను.”

ఆయన చెయ్యి ఫోను మీదినుంచి వెనక్కి జరిగింది. “మరి ఈ గొంతెవరిది?”

“మొదట్లో మా అక్కది సార్.”

ఆయన తర్వాత ఏమయిందని అడగలేదు. అడిగే ధైర్యం ఆయనకూ లేదనిపించింది. పిచ్చుక థీసిస్ తన వైపు లాక్కుని, ఫుట్‌నోట్ కొట్టేసి, పక్కన రాసింది: ఈ ముఖాముఖి నేను జరపలేదు. ఫలానా థీసిస్‌లో, ఫలానా పేజీలో చదివాను. రికార్డింగు ఆధారంగా పనికిరాదు.

“ఈ రెండు ముక్కలకి నీ ఫెలోషిప్పు పోతుంది. కమిటీకి నేనే చెప్పాలి. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాలి, తెలుసా?” అన్నారు ఆయన. కోపంగా అనబోయి, మెల్లగా అన్నారు.

“తెలుసు సార్” అని కింద సంతకం పెట్టింది.

వరండాలోకి వచ్చేసరికి ఫోను మోగింది. అక్క. ఎత్తాలంటే భయమేసింది. ఎత్తి, మాట్లాడకుండా చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మాట లేదు. పాప నవ్వుతోంది, కితకితలు పెట్టినట్టు, ఆగి ఆగి. మధ్యలో ఒక గొంతు చిన్నగా లాలిపాట అందుకుంది, సగం శ్రుతి తప్పి, పుట్టినప్పటినుంచీ పిచ్చుక వింటున్న గొంతు.

“అక్కా” అంది పిచ్చుక.

“ఉండవే, ఇప్పుడే నా దగ్గరికొచ్చింది, దించితే మళ్ళీ ఏడుస్తుంది” అంది అక్క. పాట మళ్ళీ మొదలెట్టింది. పిచ్చుక ఫోను పెట్టెయ్యకుండా వరండా మెట్ల మీద కూచుని వింది.