ఇంకో కోటింగ్

అల్లుడంటే పెయింటరుకి మొదట్లో గిట్టేది కాదు. కారణం పెద్దదేమీ కాదు, మనిషి నోరు విప్పడు. పెళ్ళయిన కొత్తలో అత్తారింటికొస్తే, బస్సులో ఎవరో జరిగి చోటిచ్చినట్టు, సోఫా చివరన కూర్చునేవాడు. "పని ఎలా ఉంది?" అంటే "బానే ఉందండీ" అనేవాడు. "ఒంట్లో ఎలా ఉంది?" అన్నా "బానే ఉందండీ" అనేవాడు. మూడో ప్రశ్న పెయింటరు దగ్గర ఉండేది కాదు. అల్లుడి పని లిఫ్టులు బాగుచెయ్యడం. పొద్దస్తమానం ఇనప తాళ్ళతో వేగేవాడికి మనుషులతో పనేముంటుందని పెయింటరు ఎగతాళి చేసేవాడు.

"మెల్లగా అనండి, వింటారు" అనేది భార్య.

"వింటే మాత్రం ఏమంటాడే? బానే ఉందండీ అంటాడు."

పెయింటరు అంటే గోడలకు సున్నం కొట్టే పెయింటరు కాదు. ముప్పై ఏళ్ళు కార్లకు రంగు వేసినవాడు. గుద్దుకుని సొట్టపడ్డ తలుపు ఆయన చేతిలోకి వెళ్తే, ఏ తలుపు గుద్దుకుందో యజమానే వెతుక్కోవాలి. ఊపిరితిత్తులు మొరాయించాక వర్క్‌షాపు మానేశాడు గానీ, ఇంటి వెనక రేకుల షెడ్డూ, స్ప్రే గన్నూ, పాత కంప్రెసరూ వదులుకోలేదు. తెలిసినవాళ్ళ స్కూటర్లు, ఫ్యాన్లు, ఇనప బీరువాలు ఏవో వస్తూ ఉండేవి.

ఒకరోజు కూతురు వచ్చి ఆ షెడ్డులోనే స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చానంది.

"నాన్నా, మీ అల్లుడికి గిటార్ పిచ్చి ఉంది, తెలుసా?"

"ఆ మనిషికి పిచ్చి కూడానా? నాకెలా తెలుస్తుంది!"

"నిరుడు పుట్టినరోజుకి ఒక పెట్టె కొనిచ్చాను. ఎలక్ట్రిక్ గిటార్ విడిభాగాలన్నీ అందులో ఉంటాయి, మనమే బిగించుకోవాలి. బీరువా వెనక పడేశాడు. అడిగితే రంగు వెయ్యడం రాదంటాడు. నువ్వు పిలువు. నువ్వు పిలిస్తే కాదనడు. ఆదివారాలు ఇద్దరూ కూర్చుని చెయ్యండి."

"దాన్ని ఏ పక్క పట్టుకోవాలో కూడా నాకు తెలీదే."

"పట్టుకోవడం ఆయన చూసుకుంటాడు. నువ్వు రంగు సంగతి చూడు."

కూతురు మొగుడి గురించి ఇంత ముచ్చటగా మాట్లాడటం పెయింటరు విని చాలాకాలమైంది. సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం అల్లుడు పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. లోపల రంగులేని పచ్చి చెక్కతో గిటార్ ఒళ్ళు, విడిగా పొడుగాటి మెడ, సంచుల్లో మరలు, తీగలు, వైర్లు, ధ్వనిని పట్టే అయస్కాంతపు పికప్‌లు ఉన్నాయి. అల్లుడు అన్నిటినీ పాత దుప్పటి మీద వరసగా పేర్చాడు. ఆ పేర్చడం చూసి పెయింటరుకి మొదటిసారి అతని మీద కొంత గౌరవం పుట్టింది. అది ఎక్కువసేపు నిలవలేదు. అల్లుడు ఉప్పుకాగితం తీసుకుని చెక్కని ఎడాపెడా రుద్దడం మొదలుపెట్టాడు.

"ఆపు, ఆపు! అడ్డంగా రుద్దుతావేంటి? చెక్కలో గీతలు ఎటు పోతున్నాయో అటు పోవాలి. ఇప్పుడు కనపడదు, రంగు పడ్డాక పిల్లి గీరినట్టు ప్రతి గీతా లేస్తుంది!"

అరిచాక నాలుక్కరుచుకున్నాడు. అల్లుడి మీద అరిచాడు! లోపల్నించి భార్య తొంగిచూసింది. కానీ అల్లుడు నవ్వాడు.

"మా సూపర్‌వైజరు తిడతాడు గానీ ఎందుకు తిట్టాడో చెప్పడు మామయ్యా. మీరు నయం."

అలా మొదలైంది. చేతిలో పనుంటే అల్లుడికి నోరు దానంతటదే తెరుచుకునేది. చెక్క రుద్దుతూ లిఫ్టుల కబుర్లు చెప్పేవాడు. ఒకసారి మధ్యలో ఆగిపోయిన లిఫ్టు తలుపు నానా తంటాలు పడి తెరిస్తే, లోపల మొగుడూ పెళ్ళాం పోట్లాటలో మంచి ఊపు మీద ఉన్నారట. "ఇంకా తేలలేదు, కాసేపాగి రండి" అని తలుపు వేసుకున్నారట. పెయింటరు నవ్వలేక దగ్గలేక కంప్రెసర్ పట్టుకుని కూలబడ్డాడు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని గుమ్మంలోకి చూడటం ఆయనకు అలవాటైపోయింది. కొడుకులు లేని మనిషి. ఆ లోటు తనకి ఉందని కూడా అంతకుముందు అనుకోలేదు.

రంగు ఆయనే ఎంచాడు. బాగా పండిన నేరేడు పండు రంగు. ప్రైమర్ వేసి, ఆరనిచ్చి, నీళ్ళలో తడిపిన ఉప్పుకాగితంతో రుద్ది, పల్చగా ఒక్కో కోటింగూ కొట్టాడు. అల్లుడు పక్కన నిలబడి, గుడిలో ఉన్నట్టు ఊపిరి బిగబట్టి చూసేవాడు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసేది. "ఎంతవరకు వచ్చింది నాన్నా? ఇంకా ఎంతసేపు పడుతుంది?" దానికీ గిటార్ మీద ఎంత ఆసక్తి పుట్టిందో అనుకుని పెయింటరు మురిసిపోయేవాడు. దగ్గరుండి చూపించినట్టు అన్నీ వివరించేవాడు.

నాలుగో కోటింగ్ ఆరాక, అడుగు అంచున రంగు కొద్దిగా కారి గడ్డకట్టినట్టు ఆయన కంటబడింది. వేలితో తడిమాడు. ఉంది.

"ఎక్కడ మామయ్యా? నాకేం కనపడట్లేదు."

"నీకు కనపడదు. నాకు కనపడుతుంది. మొత్తం గీకెయ్యి. మళ్ళీ మొదట్నించి."

అల్లుడు ఉప్పుకాగితం అందుకున్నాడు. ఆ మధ్యాహ్నం కూతురు ఫోన్ చేస్తే, పని వెనక్కి పోయింది, ఇంకో రెండు మూడు వారాలు పడుతుందేమోనని పెయింటరు సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"తొందరేం లేదు నాన్నా. బాగా రానీ. కావాలంటే ఇంకో కోటింగ్ వెయ్యి" అంది కూతురు.

చివరికి మెడ బిగించారు, తీగలు లాగారు. ఎవరిదో పాత స్పీకరు పెట్టె తెచ్చి కలిపితే, పాట రాలేదు గానీ తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. పెయింటరు మొహం వాడిపోయింది. అల్లుడు మాత్రం తీగల మీద చెయ్యి వేశాడు, రొద ఆగింది. తీశాడు, మళ్ళీ మొదలైంది.

"ఎర్త్ అందలేదు మామయ్యా, అంతే" అని వెనక మూత విప్పి, ఒక చిన్న వైరుని తీగల కింది ఇనప ముక్కకు టంకం పెట్టాడు. ఈసారి మీటితే షెడ్డు రేకులు చిన్నగా అదిరాయి. అల్లుడు తడుముకుంటూ, తప్పులు పోతూ, చిన్నప్పుడెప్పుడో నేర్చుకున్న ముక్క ఒకటి వాయించాడు. పెయింటరు కళ్ళు తుడుచుకుని, దానికి దుమ్మే కారణమన్నాడు.

"ఏమే, అమ్మాయికి ఫోన్ చెయ్యి. ఇది వినాలి!"

గుమ్మంలో నిలబడ్డ భార్య చేతులు కొంగుకి తుడుచుకుంది. "అది పనిలో ఉంటుంది లెండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

తీగల ఎత్తు ఇంకొంచెం దించాలి, వచ్చే వారం తీసుకెళ్తానని గిటార్‌ని అక్కడే ఉంచి అల్లుడు బయల్దేరాడు. అతను వెళ్ళిన కాసేపటికే పెయింటరు ఫోన్ మోగింది.

"మామయ్యా, మా ఇంట్లో దొంగలు పడ్డారు!" అల్లుడు గబగబా చెప్పుకుపోయాడు. "బీరువా ఖాళీ. కుట్టుమిషను లేదు. వంటింట్లో సగం సామాను లేదు. తను ఫోన్ ఎత్తట్లేదు. తనకేమైనా అయిందేమో…"

"కంగారుపడకు. దేన్నీ ముట్టుకోకు. పోలీసులకి ఫోన్ చెయ్యి, నేనొస్తున్నా!" అని పెయింటరు చెప్పులు వెతుక్కుంటుంటే, భార్య వచ్చి చేతిలో ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"పోలీసులేం వద్దు."

"అదేంటే? దొంగలు పడితే…"

"దొంగలు కాదు. అమ్మాయే. వేరే గది తీసుకుంది. ఇవాళ్టితో సామానంతా చేరింది."

పెయింటరు ఒక్క కాలికే చెప్పు వేసుకుని ఉన్నాడు. అలాగే కూర్చున్నాడు. "నీకెప్పట్నించి తెలుసు?"

"తెలుసు. మీకు చెప్తే అల్లుడికి చెప్పేస్తారు. మీ నోట్లో నువ్వుగింజ నానదు."

ఆయనకు అప్పుడు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. ఎంతవరకు వచ్చింది నాన్నా. ఇంకా ఎంతసేపు పడుతుంది నాన్నా. ఇంకో కోటింగ్ వెయ్యి.

మర్నాడు కూతురి కొత్త గదికి వెళ్ళాడు. ఒక కిటికీ, ఒక మంచం, మూలన కుట్టుమిషను. కూతురు కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"కొట్టాడా?"

"లేదు."

"తాగుతాడా?"

"లేదు నాన్నా. ఆయన చెడ్డవాడని నేననలేదు. ఐదేళ్ళు ఆ ఇంట్లో నేను మాట్లాడటం, ఆయన తలాడించడం, అంతే. గిటార్ కొన్నది కూడా అందుకే. ఇంట్లో నా ఎదురుగా కూర్చుని బిగిస్తాడేమో, అది అందివ్వు ఇది అందివ్వు అంటాడేమో అనుకున్నా. బీరువా వెనక్కి పోయింది. సరే, నీ దగ్గరికి పంపితే ఆదివారమైనా ఇంట్లో ఒంటరిగా ఆలోచించుకోవచ్చనుకున్నా. అప్పటికింకా వెళ్ళిపోవాలని గట్టిగా అనుకోలేదు."

"మరి?"

"ఒక ఆదివారం మీ షెడ్డు దాకా వచ్చాను. లోపల్నించి నవ్వులు. ఎవరో లిఫ్టులో మొగుడూ పెళ్ళాం కథ చెప్తున్నాడు. ఎవరిదో గొంతు అనుకున్నా నాన్నా. మా ఆయన గొంతని పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది." కూతురు కిటికీ వైపు తిరిగింది. "నాకొక్క కథ చెప్పలేదు. లోపలికి రాకుండా వెనక్కి వెళ్ళి, ఆ రోజే ఈ గది మాట్లాడుకున్నా."

పెయింటరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకు చెప్పి ఉండొచ్చు కదమ్మా."

"చెప్తే నువ్వు కోటింగ్ వేసేవాడివా?"

వారం తిరిగినా అల్లుడు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. పెయింటరు గిటార్‌ని దుప్పట్లో చుట్టి, వాకబు చేసి, అతను పనిచేస్తున్న ఎత్తైన బిల్డింగుకి తీసుకెళ్ళాడు. లిఫ్టు ఆగి ఉంది, బాగుచేస్తున్నది అల్లుడే కాబట్టి. అంతస్తు అంతస్తుకీ మెట్ల మీద కూర్చుంటూ, ఈల వేస్తున్న ఛాతీని అదుముకుంటూ పైకెక్కాడు. అల్లుడు తెరిచిన లిఫ్టు తలుపుల ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతులనిండా గ్రీజు. మావగారిని చూసి లేచి, పనిముట్ల పెట్టె ముందుకు జరిపాడు.

"కూర్చోండి."

పెయింటరు ఊపిరి అందాక అన్నాడు. "నాకేం తెలీదు అల్లుడూ. ఒట్టు. నాకు చివర్న తెలిసింది."

"సరేనండీ."

"సరే అంటే కాదు. నమ్మాలి."

అల్లుడు గుడ్డముక్కతో ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. "మా వాచ్‌మన్ చెప్పాడు. నేను మీ ఇంటికొచ్చిన ఆదివారాల్లో మా ఇంటి ముందు వ్యాను ఆగేదట. నెలల తరబడి అటక మీద పెట్టెలు పోతూనే ఉన్నాయి, నేను చూసుకోలేదు. అది నా తప్పే. కానీ ఒక్క సంగతి అడుగుతా, చెప్పండి. అంచున కారిందని మొత్తం గీకించారు కదా. నాకక్కడ ఏమీ కనపడలేదు. మీకొక్కరికే కనపడింది. నిజంగా కారిందా?"

"కారింది" అన్నాడు పెయింటరు. "నిజంగా కారింది."

ముప్పై ఏళ్ళు ఎందరి ముందో అన్న మాట అది. కారింది అని ఆయనంటే కార్ల యజమానులు తలవంచి చూసేవాళ్ళు తప్ప ఎదురు చెప్పేవాళ్ళు కాదు. దుప్పటి విప్పాడు. నేరేడు రంగు నిగనిగలాడింది. చూపిద్దామని అంచు వైపు తిప్పాడు. అక్కడ ఏముంది చూపించడానికి? ఆ కారిన బొట్టుని ఆనవాలు లేకుండా చేసింది తనే.

అల్లుడు కూడా అంచుని చూశాడు. చాలాసేపు చూశాడు. "బాగుంది. మీ పని ఎప్పుడూ బాగుంటుంది. కానీ నాకొద్దు. మీ అమ్మాయి కొన్నది, ఆమెకే ఇచ్చెయ్యండి."

తర్వాత లిఫ్టు లోపలికి వెళ్ళి ఏదో మీట నొక్కి చూసి బయటికొచ్చాడు. "ఇప్పుడు నడుస్తుంది. మెట్లు దిగకండి, ఆయాసపడతారు."

పెయింటరు గిటార్‌తో సహా లోపల నిలబడ్డాడు. అల్లుడే బయట్నించి తలుపు వేశాడు. కుదుపు లేకుండా, చప్పుడు లేకుండా లిఫ్టు నేల దాకా దిగింది. అంత బాగా చేశాడు పని.

కూతురు కూడా గిటార్ తీసుకోలేదు. విడాకులు పెద్ద గొడవ లేకుండానే అయిపోయాయి. అల్లుడు చూపించిన చోటల్లా సంతకం పెట్టాడని కూతురు చెప్పింది. చెప్పి, ఆ రాత్రికి ఉండిపోయి, వంటింట్లో తల్లి ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. పెయింటరు గుమ్మం దాకా వెళ్ళాడు. తల్లీకూతుళ్ళు మాట ఆపి ఆయన వైపు చూశారు. మంచినీళ్ళ కోసం వచ్చినట్టు ఒక గ్లాసు నింపుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఎండలు ముదిరాక, కాలేజీలో పాటల బృందంలో ఉన్న ఒక అమ్మాయి, ఇక్కడో గిటార్ అమ్మకానికి ఉందని ఎవరో చెప్తే విని షెడ్డుకి వచ్చింది. గిటార్‌ని తిప్పి తిప్పి చూసింది, అంచుల వెంట వేలు నడిపింది, ఒళ్ళో పెట్టుకుని మీటింది. మొహం వెలిగిపోయింది.

"ఎంత బాగుందండీ! ఎవరు చేశారు?"

"మా అల్లుడు" అన్నాడు పెయింటరు.

ఆ అమ్మాయి గిటార్‌ని పసిబిడ్డలా ఎత్తుకుని వెళ్ళిపోయింది. అప్పటిదాకా బట్టలు ఆరేస్తూ విన్న భార్య, చేతిలో తడి చీరతోనే షెడ్డు ముందుకు వచ్చింది.

"ఇంకెక్కడి అల్లుడండీ?"

"ఈ ఇంట్లో ఏదైనా నాకు ఆఖర్నే కదా తెలిసేది" అన్నాడాయన. "ఇదీ ఎప్పుడో తెలుస్తుందిలే."

షెడ్డు తలుపు లోపల్నించి గడియ వేసుకున్నాడు.