మంట దగ్గర ఎండిన ముద్ద

"నవ్వండమ్మా, కాస్త నవ్వండి!" అన్నాడు కంపెనీ ఆఫీసరు ఎఫెతోబోర్. తన ముక్కుకు మాత్రం గుడ్డ కట్టుకున్నాడు. పక్కన కెమెరావాడు. ఎదురుగా చమురు బావి గ్యాసును కంపెనీ తగలబెడుతున్న తాటిచెట్టంత మంట హోరుమంటుంటే, ఆ సెగకు కర్రపెండలం ముద్దలు ఎండబెడుతున్న ఆడవాళ్లు. ఒళ్లంతా మసి, కళ్ల నిండా నీళ్లు.

ఆ ఆడవాళ్లలో ఒకియెముటె తన ముద్దలు తిప్పుతూనే వాడి వంక కొరకొరా చూసింది.

ఈ నేలలో చమురు పడ్డనాడు ఆమె తాత డప్పు కొట్టి ఎగిరాడట. ఆ చమురు వాళ్ల పెరళ్ల కింద పైపుల్లోంచే ఓడలెక్కి పోతోంది. ఊరికి మిగిలిందేమిటి? వాగు మీద జిడ్డు తెట్టె, కిరసనాయిలు కంపు కొట్టే చేపలు, రాత్రీపగలూ ఆరని ఈ మంట. ఊరంతా వెలుగే, కరెంటు మాత్రం లేదు. థూ!

మంట ఆర్పించమని ఊరు కోర్టుకెక్కింది. మంట ఉండటమే మేలని ఆడవాళ్ల నోటే చెప్పించి, జడ్జికి చూపించాలని ఈ ఆఫీసరొచ్చాడు. చూపించాడా, ఇంకో పదేళ్లు ఇది ఆరదు. ఒకియెముటె మనవరాలు ఇప్పటికే పడుకుంటే ఊపిరందక లేచి కూచుంటోంది.

"చెప్పేద్దాం వదినా," అంది పక్కనున్న బ్రూమె. "ఈ వానల్లో మంట లేకపోతే ముద్దలెక్కడ ఎండుతాయి? పిల్లలకేం పెడతాం?"

"పొయ్యి మీద ఆరబెడతాం," అంది ఒకియెముటె. "మంట రాకముందు మన అమ్మలు మట్టి తిన్నారా?"

"కట్టెలేవి? అడవంతా మాడ్చారుగా!"

"మాడ్చినోడికేనా మనం సాక్ష్యం చెప్పేది? సిగ్గుండాలి!"

"తొందరగా కానీ అత్తా," అన్నాడు ఎఫెతోబోర్. "ఈ మంట మాకు తిండి పెడుతోంది అను, చాలు."

ఒకియెముటె తను తినడానికి ముద్దలు నానేసుకున్న గిన్నె తెచ్చి రెండు చేతులా అందించింది. "నువ్వూ మా ఉర్హోబో జాతి బిడ్డవే. పెట్టింది తినకుండా మన గుమ్మం ఎవడూ దాటడు. ముందు తిను నాయనా, తర్వాత చెప్తా."

వాడు గిన్నెలోకి చూశాడు. నీళ్ల మీద మసి తేలుతోంది.

"ఇప్పుడే తిన్నానత్తా..."

"ఒక్క ముద్ద."

అందరూ చూస్తున్నారు. గుడ్డ కిందికి లాగి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగిపోయింది. పక్కకు తిరిగి ఉమ్మేసి, మూతి తుడుచుకున్నాడు.

"ఓరి నీ మొహం మండ!" అరిచింది బ్రూమె. "మా పిల్లలు రోజూ తినేది నువ్వు ఉమ్మేస్తావా? ఇదా మాకు మేలు?"

"కెమెరా ఆపరా!" అని కెమెరావాడి మీద కసిరాడు ఎఫెతోబోర్.

బ్రూమె తన తట్ట ఎత్తి వాడి కారు ముందు కుమ్మరించింది. వెనకే ఇంకో తట్ట. ఇంకోటి. ఉన్న తిండంతా రోడ్డు మీద పోసి ఆడవాళ్లు అక్కడే బైఠాయించారు. కంపెనీ లారీలు బారులు తీరి ఆగిపోయాయి.

మిలిటరీ వాళ్లు వచ్చారు. "వీళ్లను రెచ్చగొట్టిందెవరు?"

ఒకియెముటె లేచింది. రెక్క పట్టి ఈడ్చి వ్యానులో పడేశారు. "బ్రూమే, నా మనవరాల్ని చూసుకోవే!" అని లోపల్నుంచి కేకేసింది.

వ్యాను కదలబోయింది. బ్రూమె టైరు ముందు కాళ్లు చాపుకుని కూచుంది. ఆమె పక్కన మరొకతె, ఆ పక్కన ఇంకొకతె. సిపాయి తుపాకీ మడమతో బ్రూమె భుజం మీద పొడిచాడు.

"లేవవే!"

"మా వదినని దించు. మంట ఆర్పు. అప్పుడు లేస్తాం."